అమెరికన్ ఫుట్‌బాల్‌లో మెదడు గాయాలు: ఏ చిత్రం ఎవరు చూడాలి, ఎందుకు చూడాలి

టెక్సస్‌లో పిల్లవాడు ఏడో తరగతికి రాగానే బడి జట్టులో టాకిల్ ఫుట్‌బాల్, అంటే ఎదుటివాణ్ని పట్టి పడదోసే ఫుట్‌బాల్, ఆడే అవకాశం వస్తుంది. ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులకు ఇది చిన్ననాటి నుంచి తెలిసిన ఆట కాదు. వారి పిల్లలకు మాత్రం ఇది శుక్రవారం సాయంత్రం ఊరంతా వెళ్లి చూసే ఆట, స్నేహితులందరూ ఆడే ఆట. తలకు తగిలే దెబ్బల గురించి తెలుసుకున్నామని ఒప్పుకుంటూ జట్టులో చేర్చే ముందు తల్లిదండ్రులు ఒక పత్రం మీద సంతకం చేయాలి. తలనొప్పి, వాంతులు, తికమక వంటి లక్షణాలు ఆ పత్రంలో ఉంటాయి గానీ, ఇరవై ముప్ఫై ఏళ్ల తరువాత ఏం జరగవచ్చో దాన్ని చదివితే ఊహకు అందదు. అందుకే చాలామంది ఆ రాత్రి ఏదో ఒక సినిమా పెట్టుకుని చూస్తారు. చూసిన సినిమాను బట్టి మరునాటి నిర్ణయం మారిపోవచ్చు కాబట్టి, ఆ ఎంపిక ఆలోచించి చేయవలసినది.

ఈ వ్యాసంలో ఫుట్‌బాల్ అంటే అండాకారపు బంతితో, హెల్మెట్లు పెట్టుకుని ఆడే అమెరికన్ ఆట. మన ఊళ్లలో పిల్లలు కాలితో ఆడే ఆటను సాకర్ అనే అంటాను. దాని ప్రస్తావన చివర్లో వస్తుంది. పోల్చదలచినవి ముఖ్యంగా నాలుగు: 2012లో వచ్చిన ‘హెడ్ గేమ్స్’, 2013లో అమెరికా ప్రజా ప్రసార సంస్థ పీబీఎస్ తన ఫ్రంట్‌లైన్ శీర్షికన ప్రసారం చేసిన ‘లీగ్ ఆఫ్ డినయల్’, 2015లో విల్ స్మిత్ నటించిన ‘కంకషన్’, 2020లో నెట్‌ఫ్లిక్స్ విడుదల చేసిన ‘కిల్లర్ ఇన్‌సైడ్’. వీటిలో మూడోది మాత్రమే కథాచిత్రం, మిగిలినవి డాక్యుమెంటరీలు. నటనను బట్టో, నిర్మాణ విలువలను బట్టో నేను వీటిని తూచడం లేదు. అసలు హాని ఎక్కడి నుంచి వస్తుందో ప్రేక్షకుడికి అర్థమయ్యేలా చూపిందా లేదా అన్నదే నా కొలబద్ద.

చూసే ముందు తెలిసి ఉండవలసినది

ఈ విషయంలో రెండు వేర్వేరు సంగతులు తరచుగా కలిసిపోతుంటాయి. ఒకటి కంకషన్, అంటే తల ఒక్కసారిగా బలంగా కుదుపుకు లోనై మెదడు పని తాత్కాలికంగా తడబడటం. ఇది స్పృహ తప్పకుండా కూడా జరగవచ్చు. సరిగా విశ్రాంతి ఇచ్చి, వైద్యుల పర్యవేక్షణలో క్రమంగా తిరిగి ఆడనిస్తే చాలామంది పిల్లలు కోలుకుంటారు. రెండోది క్రానిక్ ట్రామాటిక్ ఎన్సెఫలోపతీ, క్లుప్తంగా సీటీఈ. ఏళ్ల తరబడి పదేపదే దెబ్బలు తగిలినవారి మెదడు మడతల లోతుల్లో, సన్నని రక్తనాళాల చుట్టూ టావ్ అనే ప్రొటీన్ అసహజంగా పేరుకుపోయి కణాలు క్షీణించే జబ్బు అది. బతికి ఉండగా దాన్ని ఖాయంగా నిర్ధారించే పరీక్ష లేదు. మరణించిన తరువాత మెదడును పలుచని పొరలుగా కోసి, రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూస్తేనే తెలుస్తుంది.

స్ట్రెచర్ మీద మైదానం దాటించవలసి వచ్చే ఒక్క పెద్ద దెబ్బ కంటే, ఏ లక్షణమూ చూపకుండా తగిలే వేలాది చిన్న దెబ్బలే సీటీఈకి ఎక్కువ కారణమని ఇప్పటి పరిశోధన చెబుతోంది. బోస్టన్ విశ్వవిద్యాలయ బృందం 266 మంది మాజీ ఆటగాళ్ల మెదళ్లను పరీక్షించి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, టాకిల్ ఫుట్‌బాల్ ఆడిన ప్రతి అదనపు సంవత్సరానికీ సీటీఈ ఉండే అవకాశం 30 శాతం చొప్పున పెరుగుతూ వచ్చింది. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది గానీ లోపలి మెదడు కదలకుండా ఆపలేదు. కుండకు ఎంత మందపు గుడ్డ చుట్టినా, కుండ జారి ఆగితే లోపలి పెరుగు చెదరక మానదు.

కెమెరాకు ఇక్కడే చిక్కు వస్తుంది. కెమెరా బంతి వెంట పోతుంది. బంతి పట్టుకున్నవాడిని పరుగెత్తుకొచ్చి ఢీకొట్టే క్షణాన్ని నెమ్మదిగా, పెద్ద శబ్దంతో చూపుతుంది. బంతి కదిలిన ప్రతిసారీ ఆ మరుక్షణంలో లైన్‌మన్లు, అంటే ముందు వరుసల్లో ఎదురెదురుగా నిలబడే రెండు జట్ల ఆటగాళ్లు, తలలు తాకించుకోవడం తెర అంచున ఎక్కడో జరిగిపోతుంది. తెలుగు ప్రేక్షకులమైన మనకు దీనికి తోడు మరొక ఇబ్బంది కూడా ఉంది. తలకు దెబ్బ తగిలి గతం మరచిపోవడం, పతాక సన్నివేశంలో మరో దెబ్బ తగిలి అంతా గుర్తుకు రావడం దశాబ్దాలుగా మన సినిమాల్లో చూస్తూ పెరిగాం. వాస్తవం దీనికి పూర్తిగా విరుద్ధం. మొదటి దెబ్బ నుంచి కోలుకోకముందే రెండో దెబ్బ తగలడమే పిల్లల విషయంలో అత్యంత ప్రమాదకరం. అరుదుగానే అయినా, మెదడు వాచి ప్రాణం మీదికి వస్తుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో 13 ఏళ్ల జాకరీ లిస్టెడ్ దెబ్బ తగిలాక అదే ఆటలో మళ్లీ దిగి కుప్పకూలి శాశ్వత వైకల్యానికి గురయ్యాడు. అతని పేరు మీద 2009లో ఆ రాష్ట్రం చేసిన చట్టం దేశానికి నమూనా అయింది; టెక్సస్ 2011లో తన చట్టం చేసుకుంది, 2014 నాటికి 50 రాష్ట్రాల్లోనూ ఇటువంటి చట్టాలు వచ్చాయి. మీరు సంతకం పెట్టే పత్రం ఆ చట్టం నుంచి పుట్టినదే.

‘కంకషన్’: మనసుకు తగులుతుంది, వివరాలకు సరిపోదు

ఎక్కువమంది చూసేది ఇదే, అందుకు కారణమూ ఉంది. నైజీరియా నుంచి వచ్చిన బెన్నెట్ ఒమాలూ అనే వైద్యుడు పిట్స్‌బర్గ్‌లో శవపరీక్షలు చేసే ఉద్యోగంలో ఉండగా, 2002 సెప్టెంబరులో 50 ఏళ్లకే మరణించిన మైక్ వెబ్‌స్టర్ దేహం ఆయన ముందుకు వస్తుంది. వెబ్‌స్టర్ స్టీలర్స్ జట్టు తరఫున 4 సూపర్ బౌల్స్, అంటే లీగ్ ఏటేటి తుది పోటీలు, గెలిచిన సెంటర్ (ముందు వరుస మధ్యలో నిలబడి బంతి అందించే ఆటగాడు), ఊరికి ఆరాధ్యుడు. చివరి రోజుల్లో ట్రక్కులో పడుకుంటూ, మతి నిలవక, నిద్ర కోసం తనకు తానే కరెంటు షాకులు ఇచ్చుకున్న మనిషి. పైకి చూస్తే ఆయన మెదడు మామూలుగానే కనిపించింది. అక్కడితో ఆగకుండా సొంత డబ్బు ఖర్చు పెట్టి స్లైడ్లు చేయించి చూసిన ఒమాలూ, తాను కనుగొన్నది 2005లో ‘న్యూరోసర్జరీ’ పత్రికలో ప్రచురించారు. వృత్తి ఆటగాళ్ల పోటీలు నడిపే నేషనల్ ఫుట్‌బాల్ లీగ్, అంటే ఎన్‌ఎఫ్‌ఎల్, నియమించిన మెదడు గాయాల సంఘానికి చెందిన వైద్యులు ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకోవాలని లేఖ రాశారు. పత్రిక ఒప్పుకోలేదు.

ఈ కథను సినిమా నిజాయితీగానే పట్టుకుంది. వలస వచ్చినవాడు, ఆటతో ఏ అనుబంధమూ లేనివాడు కనుకనే ఆ ఊరివాళ్లు చూడలేకపోయినది చూడగలిగాడన్న భావం మన వలస కుటుంబాలకు ప్రత్యేకంగా తగులుతుంది. వెబ్‌స్టర్‌గా డేవిడ్ మోర్స్ కనిపించే కొద్ది నిమిషాలు చూసినవారెవరూ మరచిపోలేరు.

అయినా, దీన్నొక్కదాన్నే చూసి నిర్ణయానికి రావద్దని గట్టిగా చెబుతాను. జబ్బును ఒమాలూయే కొత్తగా కనిపెట్టారన్న అభిప్రాయం ఈ సినిమా వల్ల కలుగుతుంది. బాక్సర్లలో తలదెబ్బల వల్ల కలిగే మతిభ్రమణం గురించి హారిసన్ మార్ట్‌లండ్ 1928లోనే రాశారు. సీటీఈ అన్న పేరు కూడా 1940ల చివరికే బాక్సర్ల విషయంలో వైద్య సాహిత్యంలోకి వచ్చింది. ఫుట్‌బాల్ ఆటగాడిలో దాన్ని మొదట గుర్తించి ప్రచురించడం ఒమాలూ ఘనత, అది చిన్నది కాదు. ఆయన పైఅధికారి సిరిల్ వెక్ట్ మీద నడిచిన ఫెడరల్ కేసు లీగ్ పగబట్టి చేయించినదన్నట్టు కథ నడుస్తుంది. వాస్తవంలో ఆ ఆరోపణలు ప్రభుత్వ కార్యాలయాన్ని సొంత వృత్తికి వాడుకున్నారన్నవి, తరువాత వాటిని కొట్టివేశారు. తన మెదడును పరిశోధనకు ఇవ్వమని రాసిపెట్టి 2011లో ప్రాణం తీసుకున్న మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాడు డేవ్ డ్యూర్సన్‌ను సినిమా దాదాపు ప్రతినాయకుడిలా చూపడం ఆయన కుటుంబాన్ని గాయపరచింది; ఆ సన్నివేశాలు కల్పితాలని వారు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. దెబ్బను తట్టుకునే తలకు వడ్రంగిపిట్టను ఉదాహరణగా చూపే భాగం వినడానికి బాగుంటుంది గానీ, ఆ పిట్ట పుర్రె దెబ్బను మింగదని, సుత్తిలా గట్టిగానే ఉంటుందని 2022లో వచ్చిన పరిశోధన చూపింది.

వీటన్నిటికంటే నాకు పెద్ద లోపంగా తోచేది దీని పేరులోనే ఉంది. కథ సీటీఈ గురించి, పేరు కంకషన్ గురించి. చూసి లేచిన తల్లి, మావాడికి కంకషన్ కాకుండా చూసుకుంటే చాలు అనుకునే ప్రమాదం ఉంది. వెబ్‌స్టర్ 17 సీజన్లు లైన్ మధ్యలో నిలబడి బంతి కదిలిన ప్రతిసారీ తల ఢీకొట్టుకున్న సెంటర్ అన్న సంగతిని సినిమా మాటల్లో చెబుతుంది గానీ, కంటికి ఆనేలా చూపినది చాలా తక్కువ.

‘లీగ్ ఆఫ్ డినయల్’: ఒక్కటే చూడగలిగితే ఇది

సోదరులైన మార్క్ ఫైనారూ-వాడా, స్టీవ్ ఫైనారూ అనే ఇద్దరు విలేకరుల పరిశోధన ఆధారంగా మైకేల్ కర్క్ దర్శకత్వం వహించిన ఈ రెండు గంటల డాక్యుమెంటరీ 2013 అక్టోబరులో ప్రసారమైంది. ఆ విలేకరులు పనిచేసే క్రీడా చానల్ ఈఎస్‌పీఎన్ అంతకు ముందు ఇందులో భాగస్వామిగా ఉండి, ఆగస్టులో తన పేరు తీసేయించుకుంది. లీగ్ సహకరించలేదు. అయినా 1994లో లీగ్ సొంతంగా వేసిన వైద్య సంఘానికి మెదడు వైద్యుడు కాక కీళ్ల జబ్బుల వైద్యుడు అధ్యక్షుడు కావడం, ఆ సంఘం వరుసగా ప్రచురించిన వ్యాసాలు ప్రమాదం లేదని తేల్చడం, మరోవైపు 1999లోనే లీగ్ ఆటగాళ్ల పింఛను మండలి వెబ్‌స్టర్ మెదడు ఆట వల్లే చెడిందని ఒప్పుకుని భృతి మంజూరు చేయడం, ఇవన్నీ పత్రాలతో సహా వరుసగా కళ్లముందు పేర్చుతుంది. ఒకే గొడుగు కింద ఒక చేయి లేదంటుండగా మరో చేయి డబ్బు చెల్లించిందన్న సంగతి తెలిశాక, ఎవరి హామీని ఎంతవరకు నమ్మాలో తల్లిదండ్రులు తామే నిర్ణయించుకోగలరు.

రెండు చోట్ల ఈ చిత్రాన్ని ఆపి ఆలోచించమంటాను. మాట కోసం వెతుక్కుంటూ, అలసిపోయానని చెప్పే వెబ్‌స్టర్ పాత వీడియో ఒకటి. ఎంత గొప్ప నటుడైనా దానికి ప్రత్యామ్నాయం కాలేడు. డాలస్ కౌబాయ్స్ క్వార్టర్‌బ్యాక్ (జట్టు దాడిని నడిపించే ఆటగాడు) ట్రాయ్ ఎయిక్‌మన్ గురించి ఆయన ఏజెంటు లీ స్టైన్‌బర్గ్ చెప్పే జ్ఞాపకం రెండోది. 1994 జనవరిలో జట్టు గెలిచిన రాత్రి, ఆసుపత్రి చీకటి గదిలో ఎయిక్‌మన్ తాను ఆడానా, బాగా ఆడానా అని అడుగుతాడు. సమాధానం విని సంతోషిస్తాడు. కొద్ది నిమిషాలకే మళ్లీ అవే ప్రశ్నలు, అదే సంతోషం. కౌబాయ్స్ ప్రధాన కేంద్రం ఇప్పుడు ఫ్రిస్కోలోనే ఉంది; ఆ జట్టు చొక్కా తొడుక్కునే మన పిల్లలు ఈ భాగం చూడవలసినదే.

నా కొలబద్దకు అన్నిటికంటే దగ్గరగా వచ్చినది కూడా ఇదే చిత్రం. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం తరఫున ఆడి 2010లో 21 ఏళ్లకే మరణించిన ఓవెన్ థామస్ మెదడులో సీటీఈ కనిపించింది. అతనికి కంకషన్ అయినట్టు ఎక్కడా నమోదు కాలేదు. కంకషన్ల లెక్క ఒక్కటే చూసుకుంటే ఎందుకు చాలదో ఈ భాగం చూశాక వేరే వివరణ అక్కరలేదు.

దీనికీ పరిమితులున్నాయి. పరిశోధకులకు అందే మెదళ్లు ఎక్కువగా అప్పటికే లక్షణాలు చూసి కలవరపడిన కుటుంబాలు దానం చేసినవి. 2017లో బోస్టన్ బృందం పరీక్షించిన 111 మంది ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో 110 మందికి సీటీఈ ఉందని వచ్చిన వార్త ఈ చిత్రం తరువాతిది. దాన్ని ఆడేవారందరిలో 99 శాతం అని చదవకూడదని పరిశోధకులే చెప్పారు. చిత్రంలో ఈ జాగ్రత్త ఉంది గానీ, సంగీతం ఉధృతిలో అది మన చెవికి సరిగా ఎక్కదు. ఇంకొకటి, 2016 మార్చిలో లీగ్ ఉన్నతాధికారి ఒకరు ఫుట్‌బాల్‌కూ సీటీఈకీ సంబంధం ఉందని అమెరికా కాంగ్రెస్ ప్రతినిధుల ముందు మొదటిసారి ఒప్పుకున్నారు. చిత్రం ముగిసేనాటికి ఆ తిరస్కారం ఇంకా కొనసాగుతూనే ఉన్నందున, చూసిన తరువాత ఈ సంగతి జోడించుకోవాలి.

‘హెడ్ గేమ్స్’: పిల్లలున్న ఇంటి ప్రశ్న

హార్వర్డ్‌లో ఫుట్‌బాల్ ఆడి, తరువాత వృత్తి కుస్తీలోకి వెళ్లి, అక్కడి దెబ్బలతో తలనొప్పులు తగ్గక ఆట మానుకున్న క్రిస్ నొవిన్‌స్కీ ఈ చిత్రానికి కేంద్రం. మరణించిన ఆటగాళ్ల ఇళ్లకు ఫోను చేసి, దుఃఖంలో ఉన్నవారిని మెదడు దానం ఇవ్వమని అడగవలసిన పని ఆయన తలకెత్తుకున్నారు. దర్శకుడు స్టీవ్ జేమ్స్ కేకలు పెట్టరు. ఫుట్‌బాల్‌తో ఆగకుండా హాకీ వైపు, అమ్మాయిల సాకర్ వైపు కూడా వెళ్లి, ప్రమాదం తెలిసిన తల్లిదండ్రులు కూడా పిల్లల ఇష్టం ముందు ఎలా తటపటాయిస్తారో ఓపికగా చూపిస్తారు. మన ఇళ్లలో జరగబోయే సంభాషణకు ఇంత దగ్గరగా వచ్చిన చిత్రం మరొకటి లేదు. విజ్ఞానపరంగా పదేళ్లకు పైగా పాతబడింది, అందుకే రెండో స్థానంలో పెట్టాను. లేకపోతే మొదటిది ఇదే అయ్యేది.

‘కిల్లర్ ఇన్‌సైడ్’, పాత కథాచిత్రాలు

న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ ఆటగాడు ఆరన్ హెర్నాండెజ్ హత్య కేసులో శిక్ష పడి, 2017లో 27 ఏళ్లకు జైలులో మరణించాడు. ఆ వయసువారిలో అంతకు ముందు చూడనంత తీవ్రమైన సీటీఈ, నాలుగు దశల్లో మూడోది, అతని మెదడులో ఉందని పరిశోధకులు చెప్పారు. మూడు భాగాల ఈ ధారావాహిక బాల్యం, హింస, రహస్యాలు, డబ్బు, మెదడు జబ్బు అన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఏది దేనికి కారణమో ప్రేక్షకుడి ఊహకు వదిలేస్తుంది. ఒక మనిషి హత్య చేయడానికి మెదడులోని ప్రొటీన్ కారణమని ఏ శాస్త్రవేత్తా రుజువు చేయలేరు. బిడ్డను జట్టులో చేర్చాలా వద్దా అన్న ప్రశ్నతో దీన్ని చూస్తే మిగిలేది భయమే. నేను దీన్ని సిఫారసు చేయను.

1999లో వచ్చిన రెండు కథాచిత్రాలను మాత్రం పెద్దలు గమనించవచ్చు. ‘ఎనీ గివెన్ సండే’లో జట్టు వైద్యుడే పరీక్ష ఫలితాలు దాచి ఆటగాణ్ని మైదానంలోకి పంపుతాడు. టెక్సస్ పల్లెటూరి బడి జట్టు కథ అయిన ‘వర్సిటీ బ్లూస్’లో తలకు దెబ్బ తగిలిన లైన్‌మన్‌ను శిక్షకుడు మళ్లీ దించితే అతను మైదానంలోనే కూలిపోతాడు. సీటీఈ అన్న మాట సామాన్యుడికి తెలియని కాలంలోనే, దెబ్బ తగిలినవాణ్ని మళ్లీ మైదానంలోకి పంపే ఒత్తిడి ఎవరి నుంచి వస్తుందో ఈ కథలు సరిగ్గా పసిగట్టాయి.

ఎవరికి ఏది

సంతకం పెట్టవలసిన తల్లిదండ్రులు పిల్లలు లేకుండా ముందు ‘లీగ్ ఆఫ్ డినయల్’ చూడాలి, తరువాత వీలైతే ‘హెడ్ గేమ్స్’. ఆడతానని పట్టుబడుతున్న పద్నాలుగేళ్ల పిల్లవాడితో కలిసి చూడటానికి ‘కంకషన్’ మంచిది, ఎందుకంటే రెండు గంటల ఇంటర్వ్యూలకు ఆ వయసులో ఓపిక ఉండదు. అయితే చూశాక పైన చెప్పిన సవరణలు వాడికి చెప్పాలి, ముఖ్యంగా చిన్న దెబ్బల సంగతి. అప్పటికే జట్టులో ఆడుతున్న పిల్లవాడికైతే సినిమా కంటే ముందు, తల తిరిగినట్టు అనిపిస్తే దాచకుండా చెప్పే ధైర్యం ఇవ్వాలి. ఎయిక్‌మన్ భాగం ఒక్కటి చూపినా ఆ మాట మొదలుపెట్టడం సులువవుతుంది. పూర్తిగా వద్దనడానికి మనసొప్పని ఇంటికి ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఉంది. పడదోసే పని లేకుండా నడుముకు కట్టిన పట్టీ లాగితే ఆట ఆగే ఈ రూపం 2028 లాస్ ఏంజెలస్ ఒలింపిక్స్‌లో కూడా ఉంది. ఈ నాలుగు చిత్రాల్లో ఏదీ ఆ దారిని తగినంత చూపలేదు.

సాకర్ ఆడే పిల్లల తల్లిదండ్రులకు నేను సూచించేది ఇంగ్లండ్ మాజీ ఆటగాడు అలన్ షియరర్ 2017లో బీబీసీ కోసం చేసిన డాక్యుమెంటరీ. బంతిని తలతో కొట్టడంలో పేరుపొందిన జెఫ్ ఆస్టల్ 2002లో 59 ఏళ్లకు మతిమరుపుతో మరణించినప్పుడు, అది వృత్తి వల్ల వచ్చిన జబ్బని విచారణాధికారి తేల్చారు. తలతో గోల్స్ కొట్టే జీవితం గడిపిన షియరర్ తానే పరీక్షలకు కూర్చుని, తనకూ ఆ గతి పడుతుందా అని అడగడం ఆ చిత్రానికి బలం. రెండేళ్ల తరువాత, 2019లో, స్కాట్లండ్ మాజీ వృత్తి ఆటగాళ్లు మెదడు క్షీణత జబ్బులతో మరణించే అవకాశం సాధారణ జనం కంటే మూడున్నర రెట్లు ఎక్కువని గ్లాస్గో పరిశోధకులు ప్రచురించారు. అమెరికా సాకర్ సమాఖ్య పదేళ్లు, అంతకు తక్కువ వయసు పిల్లలు బంతిని తలతో కొట్టకూడదని 2015లోనే నియమం పెట్టింది. మీ క్లబ్బు సాధనలో దాన్ని పాటిస్తోందో లేదో మైదానం పక్కన నిలబడి మీరే చూసుకోవచ్చు.

ముఖ్యంగా పోల్చిన నాలుగు చిత్రాల్లోనూ ఆత్మహత్యల ప్రస్తావన ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆ విషయం బరువుగా ఉంటే, ముందుగా ఒక పెద్దవారు చూసి, ఏ భాగాలు దాటవేయాలో గుర్తు పెట్టుకుని, ఆ తరువాతే అందరితో కలిసి కూర్చోవాలి.